బల్ల కింద, గడప వెలుపల

తాపీ నదికి ఆవలి ఒడ్డున, సూరతు కోట ఉన్న దిక్కుకు ఎదురుగా, అడాజన్ ఉన్నది. నేడది వంతెనలతో నగరంలో కలిసిపోయిన పెద్ద పేట. 17వ శతాబ్దంలో సీమ ఓడలు సముద్రతీరాన సువాలి రేవులో లంగరు వేసేవి. అక్కడ దిగి భూమార్గాన సూరతు చేరవలెనంటే ఈ ఒడ్డు నేలమీదుగా వచ్చి నది దాటక తప్పదు. వర్తకుల వెంట పాదిరీలు కూడ వచ్చినారు. వారిలో ఎడ్వర్డ్ టెర్రీ ఒకడు. 1616లో సువాలిలో దిగి, తరువాత జహంగీరు ఆస్థానంలో ఇంగ్లండు రాయబారిగా ఉన్న సర్ థామస్ రో వద్ద మతగురువుగా కుదిరినాడు. ఆయన యాత్రాగ్రంథం 1655లో వెలువడినది.

ఆ గ్రంథంలో రెండు దృశ్యాలు ఉన్నవి. మొదటిది తల్లిదండ్రులను గురించి. నెలకు స్వల్ప జీతం తెచ్చుకొనే యువకులు అందులో సగమైనా కన్నవారికి ఇచ్చివేసేవారని, తాము పస్తుండి అయినా వారిని పస్తుంచరని టెర్రీ వ్రాసినాడు. రెండవది కుక్కలను గురించి. ఇంగ్లండు నుండి కానుకగా వచ్చిన రెండు పెద్ద జాతికుక్కలకు జహంగీరు ఒక్కొక్కదానికి నలుగురు పరిచారకులను నియమించినాడట. ఇద్దరు పల్లకిలో మోయగా ఇద్దరు ఈగలు తోలేవారు. పాదుషా తన చేతితో తినిపించటానికి వెండి పట్టకారు కూడ చేయించినాడు. ఈ దేశస్థుల సుగుణాలను చూపి తన మతస్థులను సిగ్గుపడుమనటం టెర్రీకి అలవాటు. తల్లిదండ్రుల దృశ్యం అందుకు చక్కగా పనికివచ్చినది. కుక్కల దృశ్యం మాత్రం వేడుకగానే మిగిలిపోయినది. తండ్రిని చూపి దేవుని గురించి మాట్లాడటం పాదిరికి సులభం; పెంపుడు జంతువును చూపి మాట్లాడటం అంత సులభం కాదు.

అయితే క్రైస్తవుల మూలగ్రంథంలో ఈ రెండు పోలికలూ ఒకే వాక్యంలో ఉన్నవి. మత్తయి, మార్కు సువార్తలలో ఒక అన్యజాతి స్త్రీ తన బిడ్డను బాగుచేయుమని యేసును వేడుకొంటుంది. పిల్లల రొట్టె తీసి కుక్కలకు వేయటం తగదని ఆయన అంటాడు. ఆమె వెనుదీయదు; పిల్లలు తినగా బల్ల కింద రాలిన ముక్కలు కుక్కలకు చెందుతవి గదా అంటుంది. గ్రీకు మూలంలో ఇక్కడ వాడినది వీధికుక్కను తెలిపే మాట కాదు, ఇంట తిరిగే చిన్నకుక్కను తెలిపే అల్పార్థక రూపం. అనగా ఒకే ఇల్లు, ఒకే తండ్రి. బల్ల మీద బిడ్డలు, బల్ల కింద కుక్కపిల్ల. తన్ను తిట్టిన మాటనే పట్టుకొని ఆ స్త్రీ ఇంటిలోనికి ప్రవేశించినది. ప్రపంచ వాఙ్మయంలో ఇంత చురుకైన సమాధానాలు ఎన్నో లేవు.

ఈ వాక్యం భారతదేశపు భాషలలోనికి వచ్చినప్పుడు ఆ ఇల్లు కూడ దానివెంట వచ్చినదా? లండన్ మిషనరీ సంఘం వారు జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజిలను 1805లో విశాఖపట్టణానికి పంపినారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సహాయంతో వారు మొదలుపెట్టిన తెలుగు అనువాదంలో మూడు సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయినవి. అప్పటికి దొరలిద్దరూ చనిపోయినారు. అదే సంఘానికి చెందిన జేమ్స్ స్కిన్నరు, విలియం ఫైవీ 1815లో సూరతు చేరి గుజరాతీ అనువాదం చేపట్టినారు. తూర్పు తీరాన తెలుగు, పడమటి తీరాన గుజరాతీ: ఎదుటనున్న చిక్కు ఒకటే.

తండ్రి అనే మాటతో చిక్కు లేదు. అది ఏ భాషలోనైనా సిద్ధంగా ఉన్నది. తల్లి మాట అంతకంటె సిద్ధంగా ఉన్నది. బైబిలులో దేవుడు తల్లివలె ఓదారుస్తానంటాడు; యేసు కోడిపెట్ట తన పిల్లలను రెక్కల కిందికి చేర్చుకొన్నట్లు అని తన్ను పోల్చుకొంటాడు. దక్షిణదేశపు శ్రీవైష్ణవులకు ఇది కొత్త కాదు. తల్లికోతిని పట్టుకొని వ్రేలాడే పిల్లవలె జీవుడు దేవుని పట్టుకోవలెనా, తల్లిపిల్లి నోట కరచుకొనిపోయే కూనవలె ఊరక ఉండవలెనా అని మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాల పేరిట వారు తరతరాలుగా వాదించుకొన్నారు. వాత్సల్యం అన్న మాటలోనే లేగదూడ ఉన్నది. మరాఠీలో నారాయణ వామన తిలక్ (1861–1919) తుకారాము వరవడిలో క్రీస్తును తల్లిగా పిలిచి పాడినప్పుడు మహారాష్ట్రులకు అది పరాయి గొంతుగా తోచలేదు.

చిక్కంతా కుక్క దగ్గర వచ్చినది. తెలుగు గృహస్థు ఇంట భోజనపు బల్ల లేదు. పీట ఉన్నది, విస్తరి ఉన్నది. కుక్క గడప వెలుపల కాచుకొని ఉంటుంది. దాని వంతు ఎంగిలి విస్తరి బయటపడిన తరువాతనే. శతకకారుడు బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా దానికి నీచత్వం పోదన్నాడు. ఇక సూరతు సంగతి వేరు. 1690లో అక్కడికి వచ్చిన పాదిరి జాన్ ఓవింగ్టన్, వర్తకులు నడిపే జంతువుల ఆసుపత్రిని వర్ణించినాడు. ముసలి గోవులు, కుంటి గుర్రాలు, మేకలు, కుక్కలు అందులో ప్రాణమున్నంత కాలం పోషణ పొందేవి. నల్లులకు కూడ ఆహారం దొరకవలెనని కూలి ఇచ్చి ఒక పేదవానిని రాత్రి మంచానికి కట్టివేసేవారని వ్రాసి ఆయన ఆశ్చర్యపోయినాడు. పాంజ్రాపోలు అని నేటికీ పిలిచే ఆ సంస్థలో కరుణ ఉన్నది, యజమాని లేడు. కుక్కపిల్ల పోలికకు ప్రాణమంతా యజమానిలో ఉన్నది. తన యజమానిని ఎద్దు ఎరుగునని యెషయా ప్రవక్త అన్నది కూడ ఆ స్వామ్యాన్ని నమ్మియే. అందుచేత తెలుగు గడప దగ్గర ఆ పోలికకు ఇల్లు చాలలేదు. సూరతులో యజమాని చాలలేదు.

ఒక చిత్రం. దైవమూ కుక్కా తండ్రీ ఒక్కటైన కథ తెలుగులో అప్పటికే ఉన్నది. తిక్కన తెలిగించిన మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు తన్ను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. ఆ కుక్క యమధర్ముడు, ధర్మరాజుకు సాక్షాత్తు తండ్రి. కాని అక్కడ పరీక్ష యజమానికి. సువార్తలో పరీక్ష కుక్కగా ఎంచబడిన మనిషికి. పోలిక తలకిందులైనది. అయినను తెలుగు క్రైస్తవ వ్యాఖ్యాతలు ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఉన్నది.

ఆధునికులలో ఈ పోలికలకు ఒక క్రమం ఏర్పరచినవాడు సి. ఎస్. లూయిస్. 1940లో వచ్చిన ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్’లో ఆయన దేవుని ప్రేమకు నాలుగు ఉపమానాలు చెప్పి, శిల్పికి తరువాత, తండ్రికి ముందు, కుక్కను పెంచే మనిషిని నిలిపినాడు. స్నానం చేయించి, అలవాట్లు మాన్పించి మచ్చిక చేసే మనిషి మంచితనాన్ని కుక్కపిల్ల శంకించవచ్చును. ఎదిగిన కుక్క శంకించదు. వాదం పటుతరమైనదే. కాని అది గదిలో నిప్పుగూడు దగ్గర పడుకొనే కుక్కను ఎరిగినవాని వాదం. వీధిలో అందరి చేతా కొట్టబడి, అందరి ముంగిటా తిని బ్రతికే కుక్కను మాత్రమే ఎరిగిన పాఠకునికి ఆ శిక్షణలో ప్రేమ కంటె దెబ్బయే ముందు కనిపిస్తుంది.

అసలు పరీక్ష ఆంధ్రదేశంలో జరిగినది. 1876–78 కరువు తరువాత ఒంగోలు ప్రాంతంలో మాదిగలు వేలకొద్దీ బాప్టిస్టు సంఘంలో చేరినారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఊరివారి నోట ఆ తిట్టును పుట్టుకనుండి విన్నవారు సువార్తలో అదే మాట విన్నప్పుడు పండితులకు వచ్చిన సందేహం వారికి రాలేదు. గడప వెలుపల ఉండటమేమిటో వారికి చెప్పనక్కరలేదు. వారికి కొత్తది బల్ల. ఇంట లేని ఆ బల్లను అనువాదకులు మార్చక ఉంచటం, ఒక విధంగా, మేలే అయినది. పీట, విస్తరి, పంక్తి అని వ్రాసి ఉంటే వాటితోపాటు పంక్తిభేదమూ వచ్చి కూర్చునేది. తెలుగు సంఘాలలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే సంస్కారానికి ‘ప్రభుబల్ల’ అన్న పేరు స్థిరపడినది. అక్కడ అందరికీ చోటు ఒకే ఎత్తున ఉన్నదని సంఘం బోధించినది. ఆచరణలో కులం ఆ బల్ల దగ్గరికి కూడ వచ్చిన సందర్భాలు లేకపోలేదు.

క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినాడు. కాని ఈ సమస్యకు ఆయన ఇచ్చిన సమాధానం అంతకు ముందే, 1941 నాటి ‘గబ్బిలం’లో ఉన్నది. అందులో దూత పెంపుడు జంతువు కాదు. దానిని ఎవరూ పెంచరు, ఎవరూ పిలువరు. అయినా దేవాలయంలో మనిషికి లేని చోటు దానికి ఉన్నది. కాశీలో ఉన్న శివునికి తన గోడు చెప్పుమని, అదీ పూజారి లేని వేళ చూచి చెవిలో చెప్పుమని, ఆ అంటరానివాడు దానిని బతిమాలుకొంటాడు.