కోటయ్య ప్రభలు కట్టిందెవరు?

మా కోటప్పకొండ మీద మూడు శిఖరాలు. రుద్రశిఖరాన పాత కోటయ్య గుడి, బ్రహ్మశిఖరాన ఇప్పుడు పూజలందుకునే త్రికోటేశ్వరుడు, విష్ణుశిఖరాన పాపనాశన తీర్థం. ఊరి చరిత్ర రాసినవాళ్లు సాధారణంగా వీటితోనే ముగిస్తారు. ఈ ప్రాంతపు గొప్ప కట్టడం మాత్రం శివరాత్రికి కొండ కిందికి నడిచి వస్తుందని నా నమ్మకం. అదే ప్రభ.

కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి వచ్చే పెద్ద ప్రభలు ఎనభై, తొంభై అడుగులు ఉంటాయి. అంత ఎత్తు కట్టడానికి పునాది ఉండదు. వెదురు బొంగులు, వాసాలు మోకులతో బిగించి చక్రాల మీద నిలబెడతారు. గతుకుల దారిలో అది ఊగాలి గానీ ఒరగకూడదు. అందుకే నాలుగు వైపులా కుర్రాళ్లు మోకులు పట్టుకుని నడుస్తారు. దారికి అడ్డమొచ్చే కరెంటు తీగలు తప్పించాలి. ఒకప్పుడు ఎద్దులు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు. ముందువైపంతా రంగు బల్బుల వరసలు, వాటికి జనరేటరు. కోటొక్క ప్రభలు వస్తే కోటయ్య కొండ దిగుతాడని పెద్దల మాట.

రంగుల వెలుగుతో భక్తిని కట్టిన చోటు తెలుగునాట ఇంకొకటి ఉంది. మెదక్ చర్చి. పాస్నెట్ అనే మిషనరీ పదేళ్లు కట్టించి 1924 డిసెంబరు 25న ప్రారంభించారు. గంటల గోపురం 175 అడుగులు. చర్చిలోని మూడు రంగుటద్దాల కిటికీలను లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించారు. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, శిలువ 1958లో అమర్చారు. ఎండ పడితేనే ఆ బొమ్మలు పలుకుతాయి, పొద్దుగూకితే నల్లబడతాయి. మా ప్రభ ఆ వేళకే మేలుకుంటుంది.

మెదక్ కిటికీలకు కళాకారుడి పేరుంది, సంవత్సరముంది. మా ప్రభలకు ఊరి పేరే తప్ప మేస్త్రి పేరు ఉండదు. 1909 తిరునాళ్లలో జరిగిన దొమ్మీ, ఆ కేసులో ఉరిశిక్ష పడిన చిన్నపరెడ్డి పేరు జనం పాటల్లో నిలిచాయి. అదే తిరునాళ్లలో ప్రభ కట్టినవాళ్లెవరో ఏ పాటా చెప్పదు. పండగ కాగానే ప్రభ విప్పేస్తారు కాబట్టి చూసి తెలుసుకోవడానికీ ఏమీ మిగలదు.

ప్రభ కట్టే ప్రతి ఊరూ ఈ శివరాత్రి నుంచైనా ఒక పుస్తకం పెట్టాలి. ఎత్తెంత, ఏ కర్ర వాడారు, ముడులు వేసిందెవరు, బల్బులు అమర్చిందెవరు, అన్నీ రాయాలి. పాత మేస్త్రీలు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లను అడిగి రాసుకోండి.