చెట్టుకు ఎనభై ఏళ్లు, నేల ఎవరికి?

చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని కర్రగా మార్చుకుంటుంది. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బనే. కాగితం గుజ్జు కోసం పెంచే నీలగిరి చెట్లను 4, 5 ఏళ్లకే నరుకుతారు. ఆ కాగితం చిత్తయి కాలిపోతే కార్బన్ మళ్లీ గాలిలో కలుస్తుంది. టేకును 60, 80 ఏళ్లు ఉంచితే కార్బన్ మానులోనే ఉంటుంది. కోశాక కూడా దూలంగా, గుమ్మంగా చాలాకాలం నిలుస్తుంది. అందుకే కలప తోటలను ఆలస్యంగా నరకాలని ఈనాడు చెబుతున్నారు. ఆ మాట నిజమే. కానీ చెట్టు 80 ఏళ్లు నిలవాలంటే నేల కూడా అన్నేళ్లు దానికే ఉండాలి. అప్పుడు ఆ నేల ఎవరిదవుతుందో చరిత్రలో ఒకసారి చూశాం.

బర్మా కొండల్లో కరెన్ ప్రజలు మన కొండపోడు లాంటి సేద్యమే చేసేవారు. దాన్ని టాంగ్యా అంటారు. టాంగ్ అంటే కొండ, యా అంటే చేను. 1856లో పెగూ టేకు అడవుల అధికారి అయిన జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు డీట్రిచ్ బ్రాండిస్ ఆ సేద్యాన్నే టేకు పెంపకానికి వాడుకున్నాడు. కరెన్లు కొండ నరికి, కాల్చి, వరితో పాటు టేకు మొక్కలు నాటేవారు. ఒకటి రెండు పంటలు తీసుకుని వేరే కొండకు పోయేవారు. మామూలు పోడైతే కొన్నేళ్లకు మళ్లీ ఆ చేనుకే తిరిగి వస్తారు. టేకు నాటిన చేను మాత్రం సర్కారు అడవి అయిపోయింది.

1864లో బ్రాండిసే ఇండియాకు తొలి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1865లో అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. మన కొండల్లో పోడుపై ఆంక్షలు బిగిశాయి. 1922లో మన్యం తిరగబడటానికి ఆ ఆంక్షలూ ఒక కారణం.

ఈనాడు మన చేతిలో 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును అది గుర్తించింది. కాబట్టి కార్బన్ పేరుతో తోట వస్తే, మొక్క నాటకముందే గ్రామసభలో మూడు మాటలు తేల్చుకోవాలి: నేల ఎవరిది, ఏ చెట్లు వేస్తారు, రాబడి ఎవరికి. ఇప్ప, చింత, మామిడి కూడా కార్బన్ దాచేవే. వాటిని మనం నరకం, పువ్వూ కాయా ఏరుకుంటాం. ఎనభై ఏళ్ల గడువు కావాలంటే మన ఊళ్లలో అంతకు మించి బతికిన ఇప్పచెట్లే ఉన్నాయి. టీచర్లు పిల్లలతో వాటిని లెక్కపెట్టించి, ఆ లెక్కను గ్రామసభ ముందు పెట్టించాలి.