సరంగు కిటికీ మీద ఇసుక చల్లాడు

ఆంటీబ్ ఊరు ఇంకా మేలుకోలేదు. గాఢనిద్రలో ఉన్న ఆ మనిషి గది కిటికీకి చిటపటమని ఇసుక తగిలింది. లేచి రెక్కలు తీశాడు. చల్లగాలి మొహానికి కొట్టింది. కింద సరంగు బెర్నార్ నిలబడి ఉన్నాడు. వాతావరణం బాగుంది దొరగారూ అన్నాడు. గాలి ఎటు నుంచి అని అడిగాడు పైనున్నాయన. ఒడ్డు మీంచేనన్నాడు బెర్నార్. అంతే, ప్రయాణం ఖాయమైపోయింది.

ఆ పైనున్నాయన గీ ద మొపాసా. ‘నెక్లెస్’ కథ రాసిన మొపాసాయే. మన కథకుల్లో ఆయన్ని చదవకుండా కథ మొదలుపెట్టినవాళ్లు తక్కువ. ‘నీటి మీద’ అనే అర్థం వచ్చే పేరుతో 1888లో ఆయన ఓ పుస్తకం అచ్చేశాడు. కిందటి వసంతంలో మధ్యధరా తీరం వెంట చిన్న షికారు వెళ్లాననీ, రోజూ చూసిందీ తోచిందీ రాసుకున్నాననీ ముందుమాటలో చెప్పాడు. అది ఏప్రిల్ 6న మొదలవుతుంది. అందులో కొన్ని పుటలు అంతకుముందు పత్రికలకు రాసిన వ్యాసాలే. యుద్ధాన్ని దుమ్మెత్తిపోసే భాగం అలాంటిదే. అందుకే ఇక్కడ నేను ఆ ఉపన్యాసాల జోలికి పోవడం లేదు. గాలినీ, పడవనూ, ఆ ఇద్దరు నావికులనూ పట్టుకుని వెళ్తున్నాను.

పడవ పేరు బెల్ అమీ. 1885లో వచ్చిన ఆయన నవల పేరే దానికీ పెట్టుకున్నాడు. ఆ నవల తెచ్చిపెట్టిన డబ్బుతోనే కొన్నాడు.

అరగంటలో ఒడ్డుకు దిగాడు. తూర్పున ఆకాశం అప్పుడప్పుడే పాలిపోతోంది. అఖాతానికి అవతల నీస్ దీపాలు, ఇంకా అవతల విల్‌ఫ్రాంష్ దీపస్తంభం తిరుగుతూ వెలుగుతోంది. ఎదురుగా కోటల ఇంజనీరు వోబాన్ కట్టిన పాత గోడల మధ్య ఆంటీబ్, దాని నెత్తిన రెండు బురుజులు. వీధుల్లో పనికి పోయే కూలీలు ఒకరిద్దరు. రేవులో సరుకు పడవలు మెల్లగా ఊగుతున్నాయి.

బెర్నార్ సన్నగా, చురుగ్గా ఉంటాడు. శుభ్రం పిచ్చి, జాగ్రత్త ఎక్కువ. రెండోవాడు రేమండ్, బెర్నార్‌కు బావమరిది వరస, బలశాలి. ఫ్రాన్సు దేశమంతా పేరు మోగుతున్న రచయిత ఈ ఇద్దరి చేతుల్లో తన సెలవును పెట్టేశాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఎక్కాలో, ఎక్కడ ఆగాలో ఆయన నిర్ణయించడు. సరంగు చెంపకు తగిలిన గాలి నిర్ణయిస్తుంది. నావికులు గాలి గురించి మాట్లాడేటప్పుడు ఓ మనిషి గురించి, ఓ రాజు గురించి మాట్లాడినట్టు ఉంటుందని ఆయనే రాశాడు. దాన్ని ప్రేమిస్తారు, దానికి భయపడతారు, ఎప్పుడు మోసం చేస్తుందోనని కనిపెట్టుకుని ఉంటారు.

అయితే బెర్నార్ అంత పొద్దున్నే ఎందుకు లేపాడు? రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం అంత త్వరగా చల్లబడదు. చల్లబడి బరువెక్కిన గాలి ఒడ్డు మీంచి నీళ్ల మీదికి జారుతుంది. మన ఉప్పాడ దగ్గరో భీమిలి దగ్గరో చీకటితో తెరచాప ఎత్తి వేటకెళ్లిన పాతకాలపు వాళ్లు నమ్ముకున్నదీ ఈ గాలినే. పొద్దెక్కి నేల కాగిందంటే అది చచ్చిపోతుంది. సముద్రం వైపు నుంచి ఎదురుగాలి లేచేదాకా మధ్యలో ఏమీ ఉండదు. ఆ కాస్త గడువు దాటకముందే బయటపడాలి.

లంగరు లేచింది. తెరచాపలు ఎక్కాయి. ఇటలీ వైపు సూర్యుడు పైకి వచ్చాడు. ఆల్ప్స్ మంచుకొండలు గులాబీరంగు తిరిగాయి. తర్వాత గాలి పడిపోయింది.

గాలి పడిపోయిన తెరచాప పడవ మీద కూర్చున్నవాళ్లకు అదెలా ఉంటుందో తెలుసు. అప్పటిదాకా ఒక పక్కకు ఒరిగి గట్టిగా ఉన్న పడవ నిటారుగా నిలబడి, అలకు అటూ ఇటూ పొర్లుతుంది. చాప నిండదు, ఊరికే మడతపడి మళ్లీ విప్పుకుంటుంది. దాని మీద వేలాడే చిన్న తాళ్లు టప్ టప్‌మని గుడ్డకు కొట్టుకుంటాయి. చుక్కాని పట్టుకున్న చేతికి బరువు తెలియదు. తొందరున్న మనిషికి ఇది నరకం. మొపాసాకు మాత్రం సెలవంటే అదే.

ఎందుకో చెప్పాలి. ఆయన కుర్రతనంలో నౌకాదళ మంత్రిత్వ శాఖలో గుమాస్తా. ఆదివారం వస్తే సేన్ నది మీద తెడ్డు వేయడమే బతుకనుకున్నవాడు. 1887 నాటికి పేరుంది, డబ్బుంది, చుట్టూ జనం ఉన్నారు. ఆ ఫిబ్రవరిలోనే ఈఫిల్ టవర్ కట్టొద్దన్న కళాకారుల విన్నపం కింద సంతకం పెట్టాడు. మే నెలలో ‘లె హోర్లా’ సంపుటి వచ్చింది. కంటికి కనపడని ఎవరో తనను ఆక్రమించుకుంటున్నారని వణికే మనిషి కథ అది. సిఫిలిస్ ఒంట్లో పదేళ్లుగా పనిచేస్తోంది. కళ్లు మొరాయిస్తున్నాయి, తలనొప్పికి ఈథర్ పీలుస్తున్నాడు. అలాంటివాడికి ఎవరూ పిలవని, తలుపు కొట్టని నాలుగు గంటలు ఎంత విలువో ఆలోచించండి. 1892 జనవరిలో కాన్‌లో గొంతు కోసుకున్నప్పుడు ఆదుకున్నవాళ్లలో ఈ నావికులూ ఉన్నారు. పారిస్ ఆసుపత్రికి తీసుకుపోయే ముందు, చూస్తే మనసు కుదుటపడుతుందేమోనని ఆయన్ని పడవ కనిపించే చోటికి నడిపించారు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదని నౌకరు ఫ్రాన్స్వా తర్వాత రాసుకున్నాడు. మరుసటి ఏడాది జులైలో, 43 నిండకుండానే పోయాడు.

ఆ ఏప్రిల్ నాటికి ఆ చివరి రోజులు ఇంకా రాలేదు. ఆంటీబ్ కొమ్ము దాటితే గోల్ఫ్ జువాన్. ఎల్బా నుంచి తప్పించుకున్న నెపోలియన్ 1815 మార్చి 1న దిగిన ఒడ్డు అది. ఆ అవతల లేరాన్ దీవులు. సెంత్ మార్గరిత్ కోటలో ‘ఇనుప ముసుగు మనిషి’గా చెప్పుకునే ఖైదీని ఉంచారు. మెట్జ్‌ను శత్రువుకు అప్పగించిన మార్షల్ బజేన్ 1874 ఆగస్టులో అక్కడి నుంచే పారిపోయాడు. పక్కనే మఠం ఉన్న సెంత్ ఒనోరా, దాన్ని ఆనుకుని ఓ బోడిరాయి. 1840లో నీస్‌లో చనిపోయిన వయొలిన్ విద్వాంసుడు పగనీనీకి చర్చి సమాధి నిరాకరిస్తే, కొడుకు ఆ శవాన్ని ఓడలో రేవు రేవునా తిప్పి, చివరికి ఏళ్ల తరబడి ఆ రాతి మీదే దాచాడని ఆ తీరంలో చెప్పుకునే కథ. మొపాసా దాన్ని ఇష్టంగా తిరిగి చెప్పాడు. అది నిజమో కాదో గానీ, గాలి లేక కదలని పడవలో కూర్చుని ఆ రాయిని చూస్తే ఎవరైనా నమ్ముతారు.

ఆంటీబ్ నుంచి కాన్‌కు రైలెక్కితే మాటల్లో వచ్చేస్తుంది. పుస్తకంలో తర్వాతి పుట కాన్‌లో, ఏప్రిల్ 7 రాత్రి 9 గంటలకు రాసింది. దాని నిండా రాకుమారులు, వాళ్లకు వంగి దండాలు పెట్టేవాళ్లు. రెండో రోజు అయ్యేసరికే ఆయనకు మనుషులంటే మళ్లీ చిరాకొచ్చింది. అక్కడి నుంచి అగే, సెన్ రఫాయెల్, సెన్ ట్రోపే వైపు సాగిపోయారు. ఎక్కడ దిగినా, మళ్లీ బయల్దేరాలంటే బెర్నార్ గాలి చూసి చెప్పాల్సిందే.