కొండగొర్రెయు, అడవికోడియు

నల్లమల లోయలలో వేసవి వేళ నొక్క చెలమకే దప్పి తీర్చుకొనవచ్చు కొండగొర్రెయు, అడవికోడియు మనుష్యుని చేత పొందిన గతులను పోల్చి చూచిన కొలదియు, నాకు మొదటిదానియందే జాలి హెచ్చుచుండును.

పేరునకు గొర్రెయే గాని యది రెండడుగుల యెత్తున నుండు సన్నని మృగము. దాని పోతునకు చెవుల నడుమ బెత్తెడు పొడవున రెండును, కనుబొమలపై బొటనవ్రేలి కణుపంత రెండును, వెరసి నాలుగు కొమ్ములు. నేడు జీవించియున్న వన్యమృగములలో మరి దేనికిని లేని యీ విశేషమే దానికి మృత్యుహేతు వయ్యెను. 1816లో ఫ్రెంచి పండితుడైన బ్లెయిన్‌విల్ దీనికి శాస్త్రనామ మొసగెను. వేటకు వచ్చిన దొరలో, ఆ నాలుగు కొమ్ముల పుఱ్ఱెను తమ గోడలపై నిలుపుకొనగోరిరి. అనుదినము నీటికి రాక తప్పకుండుటయు, మరల మరల నొక్క తావుననే పెంటికలు వేయుటయు పొంచియున్నవానికి దాని జాడ తెలిపెడివి.

అడవికోడి కథ వేఱు. స్థూలముగా గోదావరికి ఉత్తరమున ఎఱ్ఱకోడియు, దక్షిణమున బూడిదవన్నె కోడియు నివసించును. మన పెరటికోళ్ళకు ఎఱ్ఱకోడియే మూలమని పెద్దలు చిరకాలము నమ్మిరి. 2008లో జన్యుశాస్త్రజ్ఞులు, పెంపుడు కోళ్ళ పసుపు కాళ్ళ వన్నెకు కారణమైన జన్యువు బూడిదకోడినుండి వచ్చినదని తేల్చిరి. ఊరివారు దీమపు పుంజును కట్టి, దాని కూతకు రోషించి వచ్చు అడవిపుంజును ఉచ్చులలో పట్టెడివారు. చుట్టమును చూపి చుట్టమును పట్టుట యన్నమాట.

బూడిదపుంజు మెడయీక నొకదానిని వెలుగునకెత్తి చూచినచో, నల్లని యీకపై తెల్లని చుక్కలును, కొసన కరగిన మైనము గడ్డకట్టినట్టి పసుపు మెఱుపును గానవచ్చును. ఆ మెఱుపు కొఱకే, సాల్మన్ చేపలకై గాలములకు కృత్రిమపు టీగలను కట్టు ఇంగ్లీషువారు ఈ యీకలను సీమకు తెప్పించుకొనిరి. పిదప భారత ప్రభుత్వ మా యెగుమతిని నిషేధించెను.

ఐనను కోడికి ప్రతి యింటి పెరటను రక్తబంధువులున్నారు. కొండగొర్రెకు ఊరిలో అంతటి దగ్గరి చుట్టము లేదు. గొర్రె యన్న పేరొక్కటే మన మిచ్చిన వావి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని మొదటి పట్టికలో చేర్చినది. వాగు లెండిన వేళ అది, దాగుటకు పొద కఱవైనను, ఆ చెలమకే దిగి రావలసియుండును.