ఎండు వేరుకు వేలిముద్ర

మూలికల అంగడికి చేరేసరికి మొక్క మొక్కలా ఉండదు. ఆకూ పువ్వూ పోయి, బిళ్లలుగా కోసి ఎండబెట్టిన వేరు మిగులుతుంది. దాన్ని పోల్చుకోవడానికి పాతకాలపు చైనా వ్యాపారి విరిచి చూసేవాడు, వాసన పట్టేవాడు, కొరికేవాడు. ఆ విద్య చిన్నదేం కాదు. క్రీ.శ. 659లోనే తాంగ్ ప్రభుత్వం బొమ్మలతో సహా ఔషధ గ్రంథం రాయించింది. 1596లో అచ్చయిన లీ షిజెన్ గ్రంథం 1,892 ఔషధాలను వివరిస్తూ, వెనకటివాళ్లు ఒక మొక్కను మరొకటిగా పొరబడిన చోట్లను దిద్దింది.

రసాయన పరీక్ష మాత్రం మందులతో సంబంధం లేని చోట పుట్టింది. ఆకుల్లోని రంగుల గుట్టు విప్పాలని రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ వాటి సారాన్ని పొడి నింపిన గాజు గొట్టంలో పోశాడు. పచ్చ, పసుపు రంగులు వేర్వేరు పట్టీలుగా విడిపోయాయి. 1903లో వార్సాలో ఆ సంగతి చెప్పాడు. 1906లో దానికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. 1938లో ఖార్కోవ్‌లో ఇజ్మైలోవ్, ష్రైబర్ గొట్టాన్ని వదిలి, గాజు పలక మీద పలుచటి పొర పరిచి ఔషధ మొక్కల సారాలను పరీక్షించారు.

ఇప్పటికీ వాడుకలో ఉన్న పరీక్షకు మూలం అదే. వేరు పొడిని మెథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, సన్నటి గొట్టంతో పలక అడుగున ఒక చుక్క పెడతారు. పక్కనే అసలైన మూలిక చుక్క. పలకను కాస్త ద్రావణి పోసిన జాడీలో నిలబెడితే, ద్రావణి పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తున వదిలిపెడుతుంది. అతినీలలోహిత కాంతిలో రెండు వరసల మచ్చలనూ పోల్చి చూస్తారు.

ఈ పరీక్ష విలువ లోకానికి తెలిసింది బ్రస్సెల్స్‌లో. 1992లో అక్కడ ఇద్దరు యువతులకు కిడ్నీలు శరవేగంగా పాడయ్యాయి. ఇద్దరూ ఒకే క్లినిక్‌లో ఒళ్లు తగ్గే మందు వాడారు. ఆ మందులో 1990 నుంచి చైనా మూలికలు కలుపుతున్నారు. వాటిలో ఒకటి స్టెఫానియా అనే తీగ వేరు. పొడిని పరీక్షిస్తే ఆ వేరులో ఉండితీరాల్సిన టెట్రాండ్రిన్ అనే పదార్థం కనిపించలేదు. 1994లో అసలు దోషి బయటపడింది: అరిస్టలోకిక్ ఆమ్లం. స్టెఫానియాకూ, ఆ ఆమ్లమున్న అరిస్టలోకియా జాతి మొక్క ఒకదానికీ చైనా అంగళ్లలో ఉమ్మడి పేరు ఫాంగ్ జీ. ఒకటి అడిగితే మరొకటి వచ్చింది. బాధితులు 100 దాటారు. చాలామంది కిడ్నీ మార్పిడి దాకా వెళ్లారు, కొందరికి మూత్రనాళాల్లో కేన్సర్ వచ్చింది. మందు కట్టకముందే పెట్టాల్సిన చుక్కను మనుషులు మంచాన పడ్డాక పెట్టారు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా బాధించేది అదే. 2004లో చైనా ఆ అరిస్టలోకియా వేరు వాడకాన్ని నిలిపేసింది.

ఒక్క పదార్థాన్ని వెతికే పరీక్షను మోసగించడం కష్టం కాదు. గింకో చెట్టు ఆకుల సారంలో ఫ్లేవనాల్ గ్లైకోసైడ్లు 24 శాతం ఉండాలన్నది ప్రమాణం. అదే కోవకు చెందిన, చవగ్గా దొరికే రూటిన్ కలిపితే అంకె సరిపోతుంది. అందుకే సారంలోని పదార్థాలన్నిటినీ విడదీసి పరికరం గీసే గ్రాఫు మొత్తాన్ని వేలిముద్రలా పోల్చే పద్ధతి వచ్చింది. మూలికలతో చేసే ఇంజెక్షన్లకు 2000లో చైనా దాన్ని తప్పనిసరి చేసింది.

అరిస్టలోకియా మనకూ పరాయిది కాదు. నల్లరేగడి చేలల్లో మొలిచే గాడిదగడప ఆ జాతిదే. నులిపురుగులకు దాని పసరు తాగించే అలవాటు పల్లెల్లో ఉంది. అందులోనూ అదే ఆమ్లం ఉంది. అంటే అది కల్తీలేని అసలు గాడిదగడపే అని పరీక్ష తేల్చినా, కడుపులోకి పోకూడనిదే.