టెలివిజను తెరపై రంపపు గారడి

1956 ఏప్రిల్ 9వ తేది రాత్రి లండనులోని బి.బి.సి. వారికి టెలిఫోను పిలుపులు వెల్లువగా వచ్చెను. పిలిచినవారి ఆందోళన యంతయు ఒక్కటే: ఆ పిల్ల బ్రతికియున్నదా?

ఆనాటి 'పనోరమా' కార్యక్రమములో మన దేశపు ఐంద్రజాలికుడు పి.సి. సర్కార్ తన విద్యను ప్రదర్శించెను. (ఆయన తన ఇంటిపేరును ఇంగ్లీషులో మాంత్రికుడను అర్థమిచ్చు మాటకు దగ్గరగా ఉండునట్లు 'సోర్కార్' అని మార్చి వ్రాసికొనెడివాడు. పేరులోనే కొంత గారడి!) పదునేడేండ్ల శిష్యురాలు దీప్తి డేని బల్లపై పరుండబెట్టి, గిరగిర తిరుగు గుండ్రని రంపమును ఆమె నడుము మీదుగా నడిపెను. రంపము ఆగెను. ఆమె చేతులు రుద్దెను; పిలిచెను; ఆమె పలుకలేదు. ముఖముపై నల్లగుడ్డ కప్పెను. అంతలో వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్‌బీ కెమేరా ముందునకు వచ్చి, కార్యక్రమము ముగిసినదని చెప్పి సెలవు తీసికొనెను.

ఈ విద్య క్రొత్తది కాదు. 1921 జనవరి 17న లండనులోని ఫిన్స్‌బరీ పార్క్ ఎంపైర్ నాటకశాలలో పి.టి. సెల్బిట్ ఒక స్త్రీని పెట్టెలో బంధించి, ఆ పెట్టెను రంపముతో రెండుగా కోసి చూపెను. పెట్టె ఉన్నంతవరకు ప్రేక్షకుని అనుమానమునకు చోటు కలదు. కావున హోరెస్ గోల్డిన్ తరువాతి కాలమున పెట్టెను తీసివేసి, యంత్రపు రంపమును ప్రవేశపెట్టెను. సర్కార్ చూపినది ఇట్టి పద్ధతియే.

మరి ముప్పదియైదేండ్లుగా జనమెరిగిన విద్యకు ఇంత భయమేల? నాటకశాలకు టిక్కెట్టు కొని వచ్చినవాడు వంచింపబడుటకు సిద్ధపడియే వచ్చును. చివర స్త్రీ లేచి నమస్కరించును. అంతటితో భయము తీరును. టెలివిజనులో ఆ చివరి ఘట్టమే లేకపోయెను. పైగా 'పనోరమా' వినోద కార్యక్రమము కాదు, లోకవ్యవహారములను చర్చించునది. డింబుల్‌బీయో, 1953లో రాణి పట్టాభిషేకమును దేశమునకు వర్ణించి చెప్పినవాడు. అట్టివాడు అర్ధాంతరముగా సెలవు తీసికొనగా జనమేమనుకొందురు? రంపము చేయలేని పనిని ఆ గౌరవనీయుని వీడ్కోలు చేసెనని నా అభిప్రాయము.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రశ్న వేసి చూడవచ్చును: ఆ రాత్రి ప్రేక్షకులు కన్నులార చూచినదేమి? తిరుగు రంపము, కదలని పిల్ల, నల్లగుడ్డ. మరణమును ఎవ్వరును చూడలేదు, ఊహించిరి. వీధి గారడివాని చుట్టు మూగినవారు ప్రక్కకు జరిగి చూడగలరు, ఆట ముగియువరకు నిలువగలరు. ఇంటిలోని ప్రేక్షకునికి కెమేరా చూపినంతయే లోకము, చూపినంతసేపే కాలము.

సమయము మించిపోయినందున ముగించితిమని వారు సమాధానము చెప్పిరి. క్షణములు లెక్కించి ప్రదర్శన నడుపు ఐంద్రజాలికునికి గడియారము తెలియకపోయెననుట నాకు నమ్మశక్యముగా లేదు. మరునాడు పత్రికలు ఈ వార్తను మొదటి పుటలోనికి ఎక్కించెను. దీప్తి డే క్షేమముగనే యుండెను. డ్యూక్ ఆఫ్ యార్క్స్ నాటకశాలలో సర్కార్ ప్రదర్శనలకు టిక్కెట్లన్నియు అమ్ముడుపోయెను.