మాచర్ల రైల్వే స్టేషను: మీటర్ గేజ్ కాలం

మాచర్ల రైల్వే స్టేషను పల్నాడు జిల్లా మాచర్ల పట్టణంలో ఉంది. గుంటూరు నుంచి వచ్చే మీటర్ గేజ్ లైనుకు దశాబ్దాల పాటు ఇదే కొస. ఇప్పుడక్కడ బ్రాడ్ గేజ్ పట్టాలున్నాయి, బళ్లు నడుస్తున్నాయి. అయినా పల్నాటి చరిత్రలో ఈ స్టేషనుకు చోటు దక్కింది ఆ చిన్న పట్టాల కాలంలోనే.

1930 ప్రాంతంలో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే హయాంలో ఈ లైను సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల చేరింది. మాచర్ల దాటాక కొండలు, అడవి, ఆపైన కృష్ణ. నది అవతల నిజాం ఏలుబడి. పట్టాలు ఇవతలే ఆగాయి.

రైలు కొసన ఉండటమే మాచర్లకు కలిసొచ్చింది. ఇక్కడికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని నాగార్జునకొండ లోయలో 1926లో బౌద్ధ శిథిలాలు బయటపడ్డాయి. 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వకాలు జరిపాడు. ఆ లోయలోని ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని చూడాలంటే అప్పట్లో దగ్గరి స్టేషను మాచర్లే. బండి దిగాక మిగిలింది కొండదారి ప్రయాణం. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ కృష్ణ మీద నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశాక కుడిగట్టు వైపు కూడా దగ్గరి స్టేషను ఇదే అయింది. 1958లో మాచర్లలో కె.సి.పి. సిమెంటు కర్మాగారం వచ్చింది. పల్నాటి నేలలో సున్నపురాయికి కొదవ లేదు మరి.

మీటర్ గేజ్‌లో రెండు పట్టాల మధ్య ఎడం 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్‌లో 1,676. ఒకదాని పెట్టె రెండోదాని మీద నడవదు. గేజ్ మారేచోట బస్తాలన్నీ ఒక పెట్టెలోంచి దించి ఇంకో పెట్టెలోకి ఎక్కించాల్సిందే. ఆ బరువంతా హమాలీల వీపుల మీదే. మాచర్ల చేరిన బండికి ఇంకో పని ఉండేది. ఇంజన్ను విడదీసి, పక్క లైను మీదుగా నడిపించి, రెండో కొసన తగిలిస్తే గాని తిరుగు ప్రయాణం లేదు.

1951 ఏప్రిల్ 14న ఈ లైను దక్షిణ రైల్వేలో కలిసింది. తర్వాత కాలంలో దక్షిణ మధ్య రైల్వేకు వచ్చి, 2003లో ఏర్పడిన గుంటూరు డివిజన్‌లో చేరింది.

మార్పు తెచ్చింది నడికుడి. బీబీనగర్ నుంచి నల్గొండ మీదుగా కృష్ణ దాటి వచ్చిన కొత్త లైను నడికుడి దగ్గర పాత దారిని కలిసింది. గుంటూరు లైను బ్రాడ్ గేజ్ అయింది. సికింద్రాబాదు వైపు బళ్లన్నీ నడికుడి నుంచి అటే మళ్లాయి. గురజాల, రెంటచింతల, మాచర్ల మాత్రం సుమారు 35 కిలోమీటర్ల శాఖా మార్గం మీద మిగిలాయి. ఒకప్పుడు కృష్ణ లోయకు గుమ్మమైన ఊరికి ఇది చిన్న నష్టం కాదు. మాచర్ల నుంచి నల్గొండకు లైను వేయాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది. అది పూర్తయితే మాచర్ల కొస స్టేషనుగా ఉండదు.